తాళం వేసిన కడుపు

చెయ్యాల్సిన పనులు ఇవి:

పేరు అడగాలి. తడబడకుండా చెప్తే తలకి రక్తం ఇంకా అందుతున్నట్టు.
కంటి కింది రెప్ప లాగి చూడాలి.
నాడి పట్టుకోవాలి.
భుజం నొప్పి ఉందా అని అడగాలి. కడుపులో కారిన రక్తం పైకెక్కి భుజంలో నొప్పిగా తెలుస్తుంది.
రెండు చేతులకీ లావుపాటి సూదులు పెట్టి సెలైను ధారగా వదలాలి.
మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యాలి.
గ్రూపు చూడ్డానికి రక్తం తీసి ల్యాబుకి పంపాలి.
వెంట వచ్చినవాళ్ళలో రక్తం ఇచ్చేవాళ్ళని ఏరాలి. మన దగ్గర నిల్వ ఉండదు.
డాక్టరుని పిలవాలి.
ఆఖరి నెలసరి ఎప్పుడో అడగాలి.

ఆడవాళ్ళ వార్డు గోడ మీద ఇది నీలం రంగుతో రాసి ఉండేది. కడుపుతో ఉన్న మనిషి ఒక్కసారిగా తెల్లబడిపోయి వస్తే చెయ్యాల్సిన పనుల వరస. మా నాన్న బొగ్గు కాల్చి అమ్మేవాడు. మా ఇంట్లో చదివి నర్సు పట్టా పుచ్చుకున్నది నేనే మొదలు. నా తెలివి మీద నాకంత ధీమా లేదు కాబట్టి గోడ మీద ఎలా ఉంటే అలా చేసేదాన్ని.

ద్యూలా వచ్చింది శనివారం పొద్దున, మా ఆస్పత్రి ఉన్న లాన్స్ మారిలో సంత మొదలయ్యే వేళకి. నలుగురు మగాళ్ళు ఆమెని తలుపు మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. మోన్ ఫిగ్ కొండ మీంచి వచ్చే రోగులందరూ అలాగే వస్తారు. ఇంటి తలుపు ఊడదీస్తారు, మనిషిని దాని మీద కట్టేస్తారు, దిగుతారు. ఈ తలుపుకి ఇనప మడతబందులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అందరికన్నా ముందు ఒక పెద్దావిడ నడుస్తోంది. తల మీద మూతపెట్టిన ఎనామిలు గిన్నె, చంకలో దిండు, భుజాన ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి, మెడలో నల్లదారానికి చిన్న తాళంచెవి.

"జరగండమ్మా, జరగండి! నా మనవడొస్తున్నాడు, దారివ్వండి!" అంటోంది ఆవిడ. గొంతులో దిగులు లేదు. పెళ్ళివారిని తీసుకొస్తున్నట్టుంది.

ఆవిడే మదాం ఫిలోక్లెస్. కొండ మీద కాఫీ తోట ఉన్న ఇల్లు. పెద్ద కొడుకు ఓస్నెల్ రెండేళ్ళ కిందట పని కోసం సముద్రం దాటి నసావు వెళ్ళే పడవ ఎక్కాడు. ఆ పడవ మునిగింది. శవం దొరకలేదు. ఆవిడ పెరట్లో నీలం రంగు సమాధి కట్టించి, అందులో వాడి చొక్కా, బూట్లు పెట్టి మూసిందని సంతలో అందరూ చెప్పుకునేవారు. తలుపు మీద ఉన్నది పెళ్ళి చేసుకోకుండా ఓస్నెల్ పెట్టుకున్న పిల్ల.

మా వార్డులో మంచం మాది, పరుపు మాది. దుప్పటీ దిండూ తిండీ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మదాం ఫిలోక్లెస్ ముందు దుప్పటి పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, అప్పుడు గానీ కోడల్ని దించనివ్వలేదు.

"పేరేంటమ్మా?" అన్నాను.

"ద్యూలా. ద్యూలా సెన్విల్."

"ద్యూలా ఓస్నెల్ అనవే," అంది అత్త.

"ఓస్నెల్ ఇంటిపేరు నాకు ఇవ్వలేదు కదత్తా, పడవెక్కే తొందరలో మర్చిపోయాడు," అంది ద్యూలా, కళ్ళు మూసుకునే. తడబడలేదు. తలకి రక్తం అందుతోంది.

రెప్ప లాగి చూశాను. లోపల కాగితంలా ఉంది. నాడి చేతికి చిక్కకుండా పరిగెడుతోంది. భుజం నొప్పి ఉందా అంటే, "కుడి భుజం మిస్. ఎవరో పీకుతున్నట్టుంది. నొప్పి కడుపుకి కదా, భుజానికెందుకు?" అంది. నేను రెండు చేతులూ చాపి సూదులు గుచ్చుతుంటే ఒకసారి కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసుకుంది.

"రెండు చేతులకీనా? ఏం చేస్తున్నావు మిస్, సిలువ ఎక్కిస్తున్నావా? నేనేం అంత గొప్పదాన్ని కాదు."

పక్క మంచం మీద బాలింత ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

కడుపు చూద్దామని గౌను పైకెత్తాను. నడుం చుట్టూ నూలు తాడు. తాడు నిండా ముడులు. బొడ్డు కింద ఆ తాడు రెండు కొసలూ కలిపి ట్రంకుపెట్టెలకి వేసే చిన్న ఇత్తడి తాళం. తాడు కింద చర్మం కమిలిపోయి ఉంది. కడుపు చెక్కలా బిగుసుకుంది.

"ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" అని ద్యూలాని అడిగాను. జవాబు అత్త చెప్పింది.

"రెండేళ్ళ కిందట. మా ఓస్నెల్ పడవెక్కిన నెల్లో ఆగింది."

"ఆ తరవాత అసలు రాలేదా?"

"నెలనెలా వచ్చింది. అది నెలసరి కాదు. బిడ్డకి చేరాల్సిన రక్తం దారి తప్పి బయటికి పోవడం. కొండ పిల్లవి కావూ నువ్వు? ఇది కూడా చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మా వైపు దీన్ని నిలిచిన కడుపు అంటారు. కడుపు వచ్చాక మళ్ళీ రక్తం కనబడితే, బిడ్డ పోయిందనరు. ఎదగడం మానేసి లోపలే ముడుచుకు కూచుందంటారు. ఏడాది ఉంటుంది, అయిదేళ్ళు ఉంటుంది. ఆకులతో మందు చేసే అవ్వ వచ్చి నడుముకి కట్టు కడితే రక్తం మళ్ళీ బిడ్డ వైపు తిరుగుతుంది, బిడ్డ ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి పెరుగుతుంది. ఎప్పుడు పుట్టినా కడుపు చేసినవాడిదే. వాడు ఊళ్ళో ఉన్నా లేకపోయినా, బతికున్నా లేకపోయినా. మా పిన్ని అలా నాలుగేళ్ళు మోసింది. పిల్లలు లేరని ఆ నాలుగేళ్ళూ ఎవరూ ఆమెనో మాట అనలేదు.

"ఈ మధ్యో?" అన్నాను.

"రెండు నెలలుగా చుక్క లేదు!" మదాం ఫిలోక్లెస్ మెడలో తాళంచెవి ముద్దు పెట్టుకుంది. "అవ్వ కట్టు పట్టింది. మూడు రోజుల కిందట కొంచెం ఎరుపు కనబడి నొప్పి మొదలైతే ఇంకొన్ని ముడులు వేయించాను. నా మనవడు కదులుతున్నాడు, అందుకే నొప్పి. కాస్త బలానికి సెలైను పెట్టి పంపించు."

గోడ మీద ఆఖరి ప్రశ్నకి జవాబు దొరికింది. రెండు నెలలు. బిడ్డ ఉండాల్సిన చోట లేదు. గర్భసంచి పక్క గొట్టంలో నాటుకుంది, గొట్టం పగిలింది, మూడు రోజులుగా ఈ పిల్ల తన కడుపులోకి తనే కారిపోతోంది. పైన ముడులు బిగిస్తున్నారు.

"మదాం, మీరు బయట బెంచీ మీద కూచోండి. నేను కింద పరీక్ష చెయ్యాలి," అన్నాను.

"నా ముందు చెయ్యి. నేను చూడనిదేముంది?"

"రూలు మదాం."

రూలు అంటే పెద్దవాళ్ళు కూడా లేస్తారు. ఆవిడ వెళ్ళాక తెర లాగి ద్యూలా చెవి దగ్గర వంగాను.

"కడుపు ఎవరిదమ్మా?"

ఆమె చాలాసేపు పైకప్పు చూసింది. "ఓస్నెల్‌ది అనుకోరాదూ? అందరూ అనుకుంటున్నారుగా."

"నేనేమనుకున్నా ఒకటే. బిడ్డ గొట్టంలో ఉంది. బతకదు. కోసి తీసి, కారుతున్నచోట కట్టేస్తే నువ్వు బతుకుతావు. కొయ్యకపోతే మధ్యాహ్నం దాకా ఉండవు."

"విల్నెర్‌ది," అంది. "మా మరిది. ఇందాక తలుపు ముందువైపు పట్టుకున్నాడే, పొడుగాటి వాడు." కాస్త ఊపిరి తీసుకుంది. "అత్తకి చెప్పకు మిస్. ఆవిడ రోజూ గుడ్డు నాకే పెడుతుంది. ఓస్నెల్ ఉన్నప్పుడు నీళ్ళు కూడా నన్నే తెచ్చుకోమనేది. ఈ రెండేళ్ళూ బిందె ముట్టనివ్వలేదు. కడుపు లేదని తెలిస్తే నేనెక్కడికి పోతాను? ఉప్పుమడుల్లో మా వాళ్ళెవరూ మిగల్లేదు."

"నేను చెప్పను. ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వెయ్యి."

వేసింది. నేను కత్తెర తీసుకుని తాడు తెంపాను. తాడు మందంగా ఉంది, నాలుగైదు కోతలకి గానీ తెగలేదు. తాళం అలాగే ఉండిపోయింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాను.

బయటికొచ్చి చెప్పాను. లోపల రక్తం కారుతోంది, ఆపరేషను చేసి ఆపాలి, ఎక్కించడానికి రక్తం కావాలి. అబద్ధం ఒక్కటీ లేదు.

"కత్తా?" అంది మదాం ఫిలోక్లెస్. "బిడ్డకి తగిలితే?"

"ముందు రక్తం కావాలి మదాం. ద్యూలాది 'ఓ' గ్రూపు. మీవాళ్ళలో ఎవరిదైనా 'ఓ' అయితే..."

"నాది," అన్నాడు విల్నెర్. అప్పటికే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. "సైనికుల శిబిరంలో కూలికి పోయినప్పుడు చూశారు. 'ఓ' అన్నారు."

"ఇవ్వరా నాయనా," అంది తల్లి. కళ్ళు చెమర్చాయి. "మీ అన్న బిడ్డకే కదా పోతోంది. సొంత నెత్తురు సొంతానికే. ఇవ్వు."

విల్నెర్ తల వంచుకుని ల్యాబులోకి నడిచాడు. ల్యాబు చూసే ఒరెల్ గ్రూపు సరిచూసి, సరిపోయిందని కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. సంచీలోకి రక్తం దిగడం మొదలైంది. అన్నీ గోడ మీద ఉన్నట్టే జరుగుతున్నాయి. అంతా సరిగ్గా జరిగితే ఈ పిల్ల బతుకుతుందని నాకు నమ్మకం కలిగింది ఆ కాసేపే.

డాక్టరు బెలిజేర్ వచ్చాడు. వెనక రాజధాని నుంచి వచ్చిన విద్యార్థులిద్దరు. మంచి చెయ్యి ఆయనది. ఆ జిల్లాలో అంత చురుగ్గా కోసేవాడు, కట్టేవాడు వేరే లేడు. విద్యార్థులతో ఫ్రెంచిలో మాట్లాడతాడు. జోకు వెయ్యడానికీ తిట్టడానికీ మా మాట వాడతాడు.

కడుపు నొక్కి చూశాడు. కింది నుంచి పొడుగాటి సూది పంపి లాగాడు. సిరంజిలోకి నల్లటి రక్తం వచ్చింది. దాన్ని గాజు గొట్టంలో పోసి వెలుతురుకి పట్టి అటూ ఇటూ వంచుతూ విద్యార్థులకి చూపించాడు. గడ్డకట్టలేదు. నరంలోంచి తీసిన రక్తమైతే గడ్డకట్టేది. ఇది కడుపులో నిలవున్న రక్తం. నేను అనుకున్నదే.

"థియేటరు సిద్ధం చెయ్యి సెలిమెన్," అన్నాడు నాతో. అంతటితో వెళ్ళిపోతే సరిపోయేది. మదాం ఫిలోక్లెస్ ఎప్పుడు లోపలికి వచ్చిందో, తెర పక్కన నిలబడి ఉంది.

"డాక్టరుగారూ, నా మనవడు ఎలా ఉన్నాడు?"

"మనవడా?"

"రెండేళ్ళుగా నిలిచిన బిడ్డండీ. జాగ్రత్తగా తియ్యాలి."

బెలిజేర్ విద్యార్థుల వైపు తిరిగాడు. మొహంలో ఆనందం కనబడింది. ఊళ్ళో తనకి సరదా దొరికేది ఇలాంటప్పుడే.

"రెండేళ్ళా! అయితే పళ్ళొచ్చేసి ఉంటాయి. చూసి కొయ్యాలి, లేకపోతే నా వేలు కొరుకుతాడు."

వార్డంతా నవ్వింది. ఇందాకటి బాలింత, సంత నుంచి వచ్చి కూచున్న చుట్టాలు, గిన్నెలు కడుగుతున్న ఆయా, అందరూ.

"నవ్వకండి," అంది మదాం ఫిలోక్లెస్. "వాడు నా ఓస్నెల్ బిడ్డ."

"ఓస్నెల్ ఎక్కడున్నాడమ్మా?"

"సముద్రంలో."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

"ఇది రెండు నెలల కడుపు. సముద్రం అడుగున ఉన్నవాడికి రెండు నెలల కిందట పైకొచ్చి నీ కోడల్ని కలుసుకునే తీరిక ఎక్కడిది? చేప తోకతో వచ్చాడా?"

ఈసారి నవ్వు వరండాలోకి కూడా పాకింది. కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. కొండ మీద కాఫీ తోట ఉన్న ఇంటావిడ, సంతలో అందరూ దారిచ్చే మనిషి, వాళ్ళ మధ్య నిలబడి ఉంది. ఆవిడ మొహంలో రంగు ఎలా పోయిందో చూశాను. ద్యూలా రెప్ప లోపల చూసిన రంగే.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మదాం ఫిలోక్లెస్ ద్యూలా మొహంలోకి వంగింది. "ఎవడే?"

ద్యూలా కళ్ళు మూసుకుంది.

"నా చేత్తో గుడ్డు ఒలిచి పెట్టానే నీకు. నా కొడుకు బూట్లు ఆ సమాధిలో పెట్టి, నా కొడుకు నెత్తురు నీలో ఉందని నీ కాళ్ళకి నూనె రాశానే. ఎవడిదే?"

"అత్తా, చలేస్తోంది," అంది ద్యూలా.

ఆవిడ ముందు దిండు లాగింది. ద్యూలా తల పరుపు మీద పడింది. తరవాత దుప్పటి. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి తియ్యడం మాకు నర్సుల బళ్ళో నేర్పుతారు. ఒక పక్కకి దొర్లించి, చుట్ట చుట్టి, రెండో పక్కకి దొర్లించాలి. ఆవిడకి ఎవరూ నేర్పలేదు గానీ అలాగే తీసింది, చకచకా, ఎక్కడా పట్టకుండా. ద్యూలా దొర్లినప్పుడు మూలిగింది. ఆవిడ దుప్పటి మడత పెట్టి, మరక ఉన్నచోట లోపలికి మళ్ళించి, ఎనామిలు గిన్నె తల మీద పెట్టుకుని ల్యాబు వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తాను.

విల్నెర్ బల్ల మీద పడుకుని ఉన్నాడు. సంచీ సగం నిండింది.

"లే," అంది తల్లి.

"మదాం, సూది ఇంకా లోపలుంది," అన్నాడు ఒరెల్.

"తియ్యి. నువ్వు తియ్యకపోతే నేను పీకుతాను."

ఒరెల్ నా వైపు చూశాడు. నేను అడ్డం నిలబడ్డాను. "మదాం, ఆ సంచీ ముట్టుకోకండి. సగమైనా సరే, అది ఎక్కితే ఆపరేషనుకి తట్టుకుంటుంది. లేకపోతే ఇవాళే పోతుంది."

"నీకు పిల్లలున్నారా మిస్?"

"లేరు."

"మరి నీకేం తెలుసు? వీడి నెత్తురు నా కడుపులో తయారైంది. నేను ఎవరికి పొయ్యమంటే వాళ్ళకి పోస్తాడు. ఎవడో పోకిరి వెధవ బిడ్డకి నా ఇంటి నెత్తురా? ఆ వెధవ ఎవడో వాణ్ణే పడుకోబెట్టి తియ్యి!"

వాడు అక్కడే పడుకుని ఉన్నాడు. సూది వాడి చేతిలోనే ఉంది.

"విల్నెర్," అన్నాను. "నువ్వు చెప్పు. నీ రక్తం నీది. నువ్వు చెప్తే చాలు."

విల్నెర్ పైకప్పు చూశాడు. ద్యూలా చూసినట్టే చాలాసేపు చూశాడు.

"చెప్పరా," అంది తల్లి. "మిస్ అడుగుతోంది. ఇస్తావా ఇవ్వవా?"

"అమ్మ ఎలా అంటే అలా," అన్నాడు.

ఒరెల్ సూది తీశాడు. విల్నెర్ లేచి కూచుని మోచేతి మడతలో దూది పెట్టుకుని చెయ్యి ముడిచాడు. దూది వంకే చూస్తున్నాడు. నేను సంచీ అందుకోబోయేసరికి ఆవిడ అందుకుంది. బయట నీళ్ళ పంపు దగ్గరికి తీసుకెళ్ళి, అరటికాయలు కోసే చాకు నడుంలోంచి తీసి, సంచీ మూల కోసి ఒంపేసింది. పంపు కింద ఎప్పుడూ తిరిగే బక్క కుక్క వచ్చి వాసన చూసింది. ఆవిడ దాన్ని తన్నలేదు. నాకు బాగా గుర్తు, అది నాకుతుంటే తను పంపు కొట్టి చేతులు కడుక్కుంది.

నేను వార్డులో నిలబడి అడిగాను. నవ్వినవాళ్ళందర్నీ పేరుపేరునా అడిగాను. ఒకడికి పొద్దున్నుంచీ తిండి లేదు. ఇంకొకడికి సంతలో మేక కట్టేసి ఉంది. బాలింత భర్త, "వాళ్ళింటి మనిషికి వాళ్ళే ఇవ్వనప్పుడు మేమెందుకిస్తాం మిస్?" అన్నాడు. నాది 'ఏ' గ్రూపు, ద్యూలాకి పనికిరాదు. ఒరెల్‌దీ విద్యార్థులదీ కుదరలేదు.

థియేటరులోకి తోసుకెళ్తుంటే ద్యూలా పెదవులు కదిలాయి. వంగాను.

"దుప్పటి ఎందుకు తీసేశారు?"

"ఉతకడానికి."

"విల్నెర్ ఇచ్చాడా?"

"ఇచ్చాడు," అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

"వస్తుందిలే అయితే," అంది. ఏది వస్తుందో నాకు అర్థం కాలేదు. రక్తమో, ప్రాణమో.

బెలిజేర్ ఒక్క కోతలో లోపలికెళ్ళాడు. కడుపు నిండా రక్తమే. ఇచ్చేవాళ్ళు లేనప్పుడు మేం చేసే పని ఒకటుంది. కారిన రక్తాన్నే గరిటెతో తోడి, నాలుగు మడతల గాజుగుడ్డలో వడగట్టి, ఆ మనిషికే తిరిగి ఎక్కించడం. గరిటె మరగబెట్టినదే, మామూలు సూపు గరిటె. నేను గిన్నె పట్టుకున్నాను. విద్యార్థి గుడ్డ పట్టుకున్నాడు. తాజాగా కారిన రక్తమైతే ఇలా ఎంతోమంది లేచి నడిచి వెళ్ళారు. ఇక్కడ మూడు రోజుల రక్తం. ముడులు బిగించిన కొద్దీ లోపల పేరుకున్నది, ముద్దలు ముద్దలుగా వచ్చింది. గుడ్డ మీద ముద్దలు మిగిలాయి, గిన్నెలోకి కొంచెమే దిగింది. ఆ కొంచెం ఆమెకి ఎక్కించాం. ఆ వేళ ఆమెకి రక్తం ఇచ్చింది ఆమె ఒక్కతే.

"దొరికింది," అన్నాడు బెలిజేర్. పటకారు బిగించాడు, గొట్టం కోశాడు, కట్టాడు. ఎంత శుభ్రంగా కట్టాడంటే విద్యార్థులు ముందుకు వంగి చూశారు. "ఇక చుక్క కారదు."

"కారడానికి లేదు కూడా," అన్నాడు మత్తు ఇచ్చే ఆయన. నాడి మీంచి చెయ్యి తీశాడు.

గుండె మీద ఒత్తాం. నేను ఒత్తాను, విద్యార్థులు ఒత్తారు. తరవాత ఆపేశాం. బెలిజేర్ తొడుగులు తీసి తొట్లో వేసి, కాఫీ ఉందా అని అడిగాడు. కడుపు నేనే కుట్టాను, పైన తాడు కమిలిన గీత మీదుగా.

ఆదివారం పొద్దున మదాం ఫిలోక్లెస్ మళ్ళీ వచ్చింది. తెల్ల గౌను, తలకి తెల్ల గుడ్డ. వెనక విల్నెర్, చేతిలో మూత ఉన్న గాజు సీసా. ఆవిడ నడకలో నిన్నటి తలవంపు లేదు. రాత్రంతా కొండ మీద ఏం మాట్లాడుకున్నారో, ఏం తేల్చుకున్నారో గానీ, ఆవిడ మళ్ళీ తన మాటకి తనే వచ్చేసింది.

"మిస్, నా మనవణ్ణి ఇవ్వు."

"మదాం, నిన్న డాక్టరు చెప్పింది విన్నారుగా."

"డాక్టరు కొండ మనిషా? నిలిచిన కడుపు సంగతి ఆయనకేం తెలుసు? నవ్వడం తెలుసు. ఆయన లెక్క ఆయన దగ్గర ఉంచుకోమను. రెండేళ్ళు పోషించినదాన్ని నేను. నా ఓస్నెల్ బిడ్డని మీరు కోసి తీశారు. ఇచ్చెయ్యండి, తీసుకుపోతాను."

"ద్యూలా శవం వెనక గదిలో ఉంది. ఆమెని తీసుకెళ్ళండి. అప్పుడు మాట్లాడదాం."

"ఆ పిల్లతో మాకేం పని? మా వాడు గుళ్ళో ఉంగరం తొడగలేదు. మా ఇంటిపేరు లేదని అదే చెప్పింది, నువ్వూ విన్నావు."

బెలిజేర్ తన గది గుమ్మంలోంచి, "ఇచ్చి పంపెయ్ సెలిమెన్, గొడవెందుకు," అన్నాడు. గోడ మీద ఈ పని లేదు. అయినా పై అధికారి చెప్పిన పని. తొట్లోంచి తీసి దాచిన ముక్క ఉంది, విద్యార్థులకి చూపించడానికి. గొట్టం ముక్క, అందులో చిక్కుడు గింజంత పిండం. విల్నెర్ సీసా మూత తీసి పట్టుకున్నాడు. అందులో వేశాను.

విల్నెర్ సీసాని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. మోచేతి మడతలో సూది పోటు కమిలి ఉంది. వాడు సీసాలోకి చూడలేదు.

"బరువే లేదు మిస్," అన్నాడు.

"రెండేళ్ళు ముడుచుకు కూచున్నవాడికి బరువెక్కడుంటుందిరా," అంది తల్లి. "జాగ్రత్తగా పట్టుకో. మీ అన్న బిడ్డ."

"మా అన్న బిడ్డ," అన్నాడు విల్నెర్.

వెళ్తూ వెళ్తూ ఆవిడ కిటికీ గట్టు మీద తాళం చూసింది. మెడలోంచి చెవి తీసి తాళం తెరిచింది. "ఇక ఉండక్కర్లేదు నాయనా," అంది, సీసా వైపు చూస్తూ. ఆ గొంతు విన్నాను. నిజంగా ఒక బిడ్డతో మాట్లాడుతున్న గొంతు అది. తాళం సంచీలో వేసుకుని, కొడుకుని ముందు నడిపించి, సంత మైదానం దాటి కొండ దారి పట్టింది.

ద్యూలా కోసం ఎవరూ రాలేదు. ఆస్పత్రి వెనక, ఎవరూ రాని వాళ్ళని పెట్టే చోట, నేనూ ఒరెల్ దగ్గరుండి పూడ్పించాం. అక్కడ కొయ్య పలకలు పాతుతారు. వానలకి రంగు పోతుంది, తరవాత పలకే పోతుంది.

టీకాలు వెయ్యడానికి మోన్ ఫిగ్ ఎక్కినప్పుడు ఆ ఇంటి పెరట్లో సమాధి చూశాను. కొత్తగా నీలం రంగు వేయించారు. ఓస్నెల్ పేరు కింద ఇంకో పేరు రాసి ఉంది: ఓస్నెల్ కొడుకు చిన్న ఓస్నెల్. దాని ముందు కాఫీ గిన్నె, ఒలిచిన గుడ్డు. కొండ మీద అందరూ ఆ బిడ్డ పేరు చెప్పుకుంటారు. రెండేళ్ళు ఆగి ఆగి పట్నంలో డాక్టరు చేతిలో పోయాడని ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. నన్ను చూసి ఒకావిడ, "నువ్వే కదూ ఆ బిడ్డని తీసింది?" అని మొహం తిప్పుకుంది. ఆ బిడ్డ తల్లి ఎవరని నేనడిగితే, "ఎవరో ఉప్పుమడుల పిల్ల. పేరు తెలీదు," అంది.

నేను పేరు అడిగాను. అది మొదటి పని కాబట్టి అడిగాను. ఆమె తడబడకుండా చెప్పింది.

ఇది చదివినవాళ్ళని నేను కోరేది ఒక్కటే. లేని బిడ్డకి సమాధి ఉంది, గుడ్డు పెట్టేవాళ్ళున్నారు. ఆమెకి పలక కూడా మిగల్లేదు. రెండు చేతులకీ సూదులు గుచ్చుతుంటే వార్డుని నవ్వించిన మనిషి ఒకతె ఉండేదని, ఆమె పేరు ద్యూలా సెన్విల్ అని, దయచేసి గుర్తుపెట్టుకోండి.